బండి ఎక్కడ ఆపాలి

కొన్నేళ్ల కిందట డిసెంబరులో ముగ్గురం మిత్రులం విశాఖపట్నం నుంచి అరకుకు బండ్ల మీద వెళ్లొచ్చాం. పోనూ రానూ రెండు వందల ముప్పై కిలోమీటర్ల దారి. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. అనంతగిరి దగ్గర కాఫీ తోటల చల్లదనం ముఖానికి తగులుతుంది. పైకి వెళ్లాక వలిసె చేలు పసుపు ఆరబోసినట్టు కనిపిస్తాయి. ఇంటికొచ్చి ఫోను తెరిస్తే రెండు వందలకు పైగా ఫొటోలు. గోడకు పెట్టుకుందామంటే వాటిలో ఒక్కటీ దొరకలేదు.

ఫోను మంచిదే. బండి శుభ్రంగానే ఉంది. దారి గురించి చెప్పక్కర్లేదు. మరి లోపం ఎక్కడ? ఆ రాత్రి కూర్చుని ఒక్కో ఫొటో ఎక్కడ తీశామో కాగితం మీద రాసుకుంటూ పోయాను. పెట్రోలు బంకులో కొన్ని. టిఫిను హోటలు ముందు కొన్ని. గాలికొండ వ్యూపాయింటు దగ్గర కార్ల మధ్య బండి ఇరికించి తీసినవి బోలెడు. వలిసె చేల దగ్గర మాత్రం నాలుగంటే నాలుగు. అవీ ఇంజను ఆపకుండా, సీటు మీద కూర్చునే తీసినవి. కాగితం నిండాక విషయం తెలిసింది. వేరే పని మీద ఆగిన ప్రతిచోటా ఫొటో తీశాం. ఫొటో కోసమని ఒక్కచోటా ఆగలేదు.

బండి ఫొటోలు బాగా రావాలని కోరుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది అందుకే కెమెరా గురించి కాదు, బ్రేకు గురించి.

ఆగడానికి చెయ్యి రాదు

దారి మంచి ఊపులో ఉన్నప్పుడు బండి ఆపబుద్ధి కాదు. కంటికి నచ్చిన చోటు ఒకటి కనబడుతుంది, ముందు ఇంకా మంచిది వస్తుందిలే అనుకుంటాం, ఐదు కిలోమీటర్లు పోతాం, అది రాదు. గుంపుగా వెళ్తే మరీ కష్టం. ముందున్నవాళ్లు ఆగరు, ఆగితే వెనకబడిపోతామన్న బెరుకు. దీనికి నేను పెట్టుకున్న పద్ధతి చెబుతాను. బయల్దేరే ముందే తోటివాళ్లతో మాట అనుకుంటాం: రోజుకు మూడు ఆగుళ్లు ఫొటోల కోసమే. ఒక్కోదానికి ఇరవై నిమిషాలు. ఎవరికి నచ్చిన చోట వాళ్లు ఎడమ ఇండికేటరు వేస్తే మిగతావాళ్లు మారుమాట లేకుండా ఆగాలి. మూడే ఉన్నాయంటే ఎంచుకోవాలి. ఎంచుకోవాలంటే చూడాలి. ఆ రోజు నుంచి దారిని చూసే తీరే మారిపోతుంది.

నచ్చిన చోటు కనబడగానే బ్రేకు తొక్కకండి. అద్దంలో వెనక చూసుకుని, వేగం తగ్గించి, ఆ చోటు దాటి ముందుకే వెళ్లండి. రోడ్డు వెడల్పుగా, తిన్నగా ఉన్నచోట ఆగి, అటూ ఇటూ చూసి, తిప్పుకుని నిదానంగా రండి. మలుపులో ఆగకూడదు. ఘాట్ రోడ్డు మీద లోడు లారీ మలుపు తిరిగి వచ్చేటప్పుడు ఆ డ్రైవరుకు మీరు కనబడేసరికి ఆపుకునే దూరం మిగలదు. బండి మొత్తం తారు దిగి ఉండాలి. సగం తారు మీద, సగం మట్టిలో పెట్టిన బండి ఫొటోలో కూడా అడ్డంగానే కనిపిస్తుంది.

ఆపాక సైడ్ స్టాండ్ కింద నేల చూడండి. ఇసుక, తడి మట్టి, మే నెల ఎండకు మెత్తబడిన తారు, ఈ మూడింటిలోనూ స్టాండ్ మెల్లగా దిగబడుతుంది. మీరు పది అడుగులు వెనక్కి వెళ్లి గురి చూసుకునే లోపు బండి పక్కకు ఒరిగిపోతుంది. అరచేతంత చదునైన రాయి ఒకటి స్టాండ్ కింద పెడితే చాలు. వాలు మీద ఆపితే ముందు చక్రం ఎగువకు ఉండాలి, ఫస్ట్ గేరులో ఉంచాలి. న్యూట్రల్‌లో వదిలిన బండి వాలులో ముందుకు జరిగితే స్టాండ్ దానంతటదే మడత పడుతుంది. నా స్నేహితుడి బండి ట్యాంకు మీద ఇప్పటికీ ఉన్న సొట్ట అలా పడిందే.

కొన్ని చోట్ల ఆగనే కూడదు. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే దారి మన్ననూరు దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి పోతుంది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న ఆరు దాకా అక్కడ వాహనాలను వదలరు. పగలు వదిలినా అది అడవి జంతువుల ఇల్లు. మధ్యలో బండి దించి లోపలికి పోవడం, కోతులకు తిండి వేసి ఫొటోలోకి పిలవడం తప్పు. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలూ అంతే. వేల ఏళ్లుగా గాలీ నీరూ చెక్కిన మెత్తటి మట్టి అది. దాని మీద టైరు గీత పడితే వచ్చే వానకు అదే వాగు అవుతుంది. బండి బయట పెట్టి నడిచి వెళ్లి రండి. గండికోటలో కోటలోపలి దాకా బండి పోతుంది కానీ పెన్న లోయ అంచుకు పోదు, పోనివ్వకూడదు కూడా. అక్కడ కోట గుమ్మం ముందు తీసిన ఫొటోయే బండికి అందం.

వెలుగు ఎటునుంచి వస్తోంది

ఆగడం వచ్చాక చూడాల్సింది ఎండను. ఈ భాగం కాస్త నిదానంగా చదవండి. ఫొటో బాగుపడినా పాడైనా నూటికి తొంభై పాళ్లు ఇక్కడే.

పొద్దు నెత్తి మీద ఉన్నప్పుడు ట్యాంకు పైభాగం తెల్లగా మెరిసిపోతుంది, ఇంజను, చక్రాలు నల్లగా మునిగిపోతాయి. బండిలో చూడముచ్చటైన పనితనమంతా ఇంజను దగ్గరే ఉంటుంది కదా, అది కనబడకుండా పోతుంది. అదే పొద్దు వాలుగా ఉంటే వెలుగు పక్క నుంచి వచ్చి ఇంజను రెక్కల మధ్యకు దూరుతుంది, ట్యాంకు వంపు మీద నున్నగా జారుతుంది, టైరు గాళ్లు ఒక్కొక్కటీ తేలుతాయి. అందుకే పొద్దున్న, సాయంత్రం తీయమంటారు. ఈ మాట మీరు చాలాసార్లు వినే ఉంటారు. వినని మాట ఒకటి చెబుతాను. మన ప్రాంతంలో ఆ వెలుగు ఎక్కువసేపు ఉండదు.

సూర్యుడు గంటకు పదిహేను డిగ్రీలు జరుగుతాడు. యూరప్ లాంటి ఉత్తర దేశాల్లో ఏటవాలుగా పాకుతూ దిగుతాడు కాబట్టి బంగారు వెలుగు చాలాసేపు నిలుస్తుంది. మనం భూమధ్యరేఖకు దగ్గర. మనకు దాదాపు నిలువుగా దిగిపోతాడు. విశాఖ, హైదరాబాదు రెండూ పదిహేడు డిగ్రీల అక్షాంశం పైన ఉన్నాయి. ఇక్కడ పొద్దు పది డిగ్రీల ఎత్తు నుంచి నేలకు దిగడానికి దాదాపు ముప్పావు గంటే పడుతుంది. అందులో నిజంగా మెత్తటి వెలుగు చివరి అరగంట. విదేశీయుల వీడియోలు చూసి సాయంత్రమంతా తీరిగ్గా తీయొచ్చనుకుంటే టీ తాగి వచ్చేసరికి చీకటి పడుతుంది. చోటు ముందే చూసుకుని, బండి ముందే నిలబెట్టుకుని, వెలుగు కోసం మీరు ఎదురుచూడాలి. అది మీ కోసం ఆగదు.

వేళ ఒక్కటే తెలిస్తే చాలదు, దిక్కూ తెలియాలి. విశాఖ నుంచి భీమిలికి వెళ్లే బీచ్ రోడ్డే తీసుకోండి. రోడ్డుకు ఒక పక్క సముద్రం, రెండో పక్క చాలా మేర కొండలు. సముద్రం తూర్పున ఉంది. కనుక పొద్దున్న సముద్రం వైపు తిరిగి తీస్తే సూర్యుడు బండి వెనక ఉంటాడు. బండి నల్లటి నీడబొమ్మలా వస్తుంది. హ్యాండిలు, అద్దాలు, ట్యాంకు గీత మాత్రమే తెలుస్తాయి. బుల్లెట్ లాంటి గుర్తుపట్టే ఆకారం ఉన్న బండికి అది చాలా అందం. అదే చోట సాయంత్రం తీస్తే సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు, వెలుగంతా బండి మీద పడుతుంది, రంగు రంగులా కనిపిస్తుంది, వెనక సముద్రం ముదురు నీలంగా ఉంటుంది. కానీ కొండలు పడమట ఉన్నాయి, వాటి నీడ అసలు సూర్యాస్తమయం కంటే ముందే రోడ్డు మీద పడుతుంది. డిసెంబరులో విశాఖలో ఐదున్నరకు కాస్త అటూ ఇటుగా పొద్దు పోతుంది. బండి రంగు కావాలంటే నాలుగుంపావుకల్లా అక్కడ ఉండాలి. మీకు తెలిసిన ఏ రోడ్డుకైనా ఇలాంటి లెక్క ఉంటుంది. ఫోనులో మ్యాపు తెరిచి రోడ్డు ఏ దిక్కుకు పోతోందో చూస్తే ఇంట్లో కూర్చునే వేసుకోవచ్చు.

మధ్యాహ్నం తప్పనిసరిగా తీయాల్సి వస్తే నీడకు పోండి. హైదరాబాదు నుంచి చేవెళ్ల మీదుగా పోయే పాత రోడ్డుకు ఇరువైపులా వందలాది మర్రిచెట్లు ఉన్నాయి. రోడ్డు విస్తరణలో అవి పోకుండా చూడాలని ఎంతోమంది ఏళ్లపాటు పోరాడారు. ఆ నీడలో పన్నెండు గంటలకూ మంచి ఫొటో వస్తుంది. ఒక జాగ్రత్త ఉంది. ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా రాలే చోట బండి పెట్టకండి. ట్యాంకు మీద తెల్ల మచ్చలు పడి చిరుతపులిలా తయారవుతుంది. నీడ ఒకేలా పరుచుకున్న చోటు వెతకండి, నీడ అంచుకు దగ్గరగా, బయటి ఆకాశం ట్యాంకులో కనబడేలా నిలబెట్టండి.

ట్యాంకులో ఆకాశం కనబడటం అన్నాను, అది వివరించాలి. మెరిసే వస్తువు అద్దం లాంటిది. నున్నటి పెయింటు, క్రోమ్ సైలెన్సరు తమ ఎదురుగా ఏముంటే దాన్ని చూపిస్తాయి. ఎదురుగా హోర్డింగు ఉంటే ట్యాంకు మీద హోర్డింగు, మీ పసుపు టీషర్టు ఉంటే పసుపు మచ్చ. నల్ల బండి వాళ్లు దీన్ని ముందు గ్రహించాలి. నలుపుకు సొంత వెలుగు తక్కువ, అది ఎదుటిదాన్నే మోస్తుంది. ఎదురుగా ఖాళీ ఆకాశమో, పచ్చటి పొలమో ఉండేలా బండిని ఒక అడుగు అటూ ఇటూ తిప్పితే ట్యాంకు అంచున ఒక తెల్లటి గీత సాగుతుంది. ఆ గీతే ఆకారాన్ని చెబుతుంది. కెమెరా ఉన్నవాళ్లు పోలరైజరు ఫిల్టరు వాడితే పెయింటు మీది మెరుపు కొంత తగ్గుతుంది, క్రోమ్ మీది మెరుపు మాత్రం తగ్గదు. లోహం మీద ఆ ఫిల్టరు పని చెయ్యదు. దాని కోసం డబ్బు పెట్టే ముందు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది.

మోకాలు నేలకు ఆనాలి

చాలామంది నిలబడి, ఫోను కంటి ఎదుట పెట్టుకుని తీస్తారు. అలా తీస్తే బండి పైనుంచి కనబడుతుంది, చిన్నపిల్లవాణ్ని పెద్దవాళ్లు చూసినట్టు. చక్రాలు కురచబడతాయి, వెనక రోడ్డు తప్ప ఏమీ ఉండదు. మోకాలి మీద కూర్చోండి. ఫోను హెడ్‌లైటు ఎత్తుకో, అంతకు కాస్త కిందికో తెచ్చుకోండి. బండి వెనకకు ఆకాశమో కొండో వచ్చి చేరుతుంది, బండి ఒక్కసారిగా నిలబడినట్టు కనిపిస్తుంది. బట్టలకు మట్టి అంటుతుంది. అంటనివ్వండి.

తర్వాత దూరం. ఫోనులో మామూలుగా తెరుచుకునే లెన్సు వెడల్పుగా చూసేది, 24 నుంచి 26 మిల్లీమీటర్ల లెన్సుకు సమానం. దగ్గరికెళ్లి దానితో తీస్తే ముందు చక్రం బండెడై, వెనక భాగం తోకలా సన్నబడుతుంది. పది అడుగులు వెనక్కి వెళ్లి రెండు రెట్లో మూడు రెట్లో జూమ్ చేసి తీయండి. చక్రాలు రెండూ నిజమైన గుండ్రంగా వస్తాయి, వెనకున్న కొండ దగ్గరికి జరిగి పెద్దదవుతుంది. ఈ ఒక్క మార్పు పది మందికి చెప్పాను. పది మందీ ఆ రోజే తేడా చూశారు.

బండికి రెండు ముఖాలున్నాయి. మన దేశంలో ఎక్కువ బండ్లకు సైలెన్సరు కుడి పక్క, సైడ్ స్టాండ్ ఎడమ పక్క ఉంటాయి. స్టాండ్ మీద నిలబెడితే బండి ఎడమకు ఒరుగుతుంది. ఎడమ నుంచి తీస్తే మీ వైపు వాలి ట్యాంకు, సీటు బాగా తెలుస్తాయి. కుడి నుంచి తీస్తే అవతలికి వాలి ఇంజను, సైలెన్సరు ముందుకొస్తాయి. స్ప్లెండర్, క్లాసిక్ 350 లాంటి వాటికి సెంటర్ స్టాండ్ ఉంటుంది. చదును నేల మీద దాని పైన నిలబెడితే సరిగ్గా పక్క నుంచి తీసే ఫొటో నిటారుగా, హుందాగా వస్తుంది. డ్యూక్ లాంటి వాటికి అది లేదు కనుక వాటిని ముందు మూల నుంచి తీయడం నయం. మూల నుంచి తీసేటప్పుడు హ్యాండిలు కొంచెం మీ వైపు తిప్పితే హెడ్‌లైటు మిమ్మల్ని చూస్తుంది. పూర్తిగా తిప్పకండి, మెడ విరిగినట్టు ఉంటుంది.

నొక్కే ముందు బండిని కాసేపు మరిచిపోయి ఫ్రేము నాలుగు అంచులూ చూడండి. అద్దంలోంచి మొలిచినట్టు కరెంటు స్తంభం ఉందా? సీటు వెనక చెత్తకుండీ ఉందా? హ్యాండిలుకు తగిలించిన పాలిథిన్ సంచీ, ట్యాంకు మీద వదిలేసిన గ్లవ్స్, సీటు మీద నీళ్ల బాటిలు, ఇవన్నీ కంటికి అలవాటై కనబడవు, ఫొటోలో మాత్రం అవే ముందు కనబడతాయి. నంబరు ప్లేటు అందరికీ చూపడం ఇష్టం లేకపోతే ఆ కోణమే వదిలేయండి. తర్వాత చెరిపిన మచ్చ ఎప్పుడూ మచ్చలాగే ఉంటుంది.

ఇక బండి తుడవాలా వద్దా? నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. హెడ్‌లైటు, ట్యాంకు తుడవండి, టైర్లకు, మడ్‌గార్డుకు అంటిన మట్టి ఉంచండి. అది ఆ దారి మీకిచ్చినది. షోరూములో ఉన్నట్టు మెరిసే బండి వెనక మారేడుమిల్లి అడవి పెట్టినా అది అక్కడికి వచ్చినట్టు అనిపించదు. కెమెరా లెన్సు మాత్రం ప్రతిసారీ తుడవాల్సిందే. రోజంతా జేబులో చెమట, వేళ్ల జిడ్డు పట్టి ఉంటుంది. వెలుగు చుట్టూ మంచు పట్టినట్టు వచ్చే ఫొటోల్లో సగం ఆ జిడ్డు వల్లే.

బండి చిన్నదైతే దారి పెద్దదవుతుంది

ఫ్రేము నిండా బండి ఉంటేనే బండి ఫొటో అనుకునేవాణ్ని. ఇప్పుడు ఆగిన ఒక్కో చోట రెండు రకాలు తీస్తాను. ఒకటి బండిది, ఒకటి చోటుది. చోటు ఫొటోలో బండి పదో వంతు కూడా ఉండదు. కోనసీమ కాలువ గట్టు మీద కొబ్బరిచెట్ల వరుస కింద ఎర్రటి చుక్కలా బండి. రాయలసీమలో గాలిమరల కింద చీమంత బండి. ఇంటికి వచ్చాక ఎక్కువసేపు చూసేది ఇవే. అక్కడికి ఎంత దూరం వెళ్లామో ఇవే చెబుతాయి.

అమెరికా ఫొటోగ్రాఫర్ డానీ లయన్ 1960ల్లో షికాగో మోటారుసైకిల్ క్లబ్బులో చేరి, వాళ్లతో తిరుగుతూ తీసిన ఫొటోలను 1968లో ‘ద బైక్‌రైడర్స్’ పేరుతో పుస్తకంగా వేశాడు. అందులో అందరూ తలుచుకునేది 1966లో లూయీవిల్ దగ్గర ఒహాయో నది వంతెన మీద తీసినది. ఒక రైడరు వంతెన దాటుతూ తల పక్కకు తిప్పి చూస్తుంటాడు. బండి ఏ కంపెనీదన్నది చూసేవాడికి వెంటనే తట్టదు. వంతెన, గాలి, ఆ చూపు గుర్తుంటాయి. బండి ఫొటోకు ఊపిరి చోటు నుంచే వస్తుందని నాకు నమ్మకం కలిగింది ఆ ఫొటో చూశాకే.

చోటును చెప్పడానికి మన రోడ్ల మీద తేలికైన సాధనం ఒకటుంది, కిలోమీటరు రాయి. దాని తలకట్టు పసుపైతే జాతీయ రహదారి, ఆకుపచ్చదైతే రాష్ట్ర రహదారి, నారింజ రంగుదైతే పల్లె రోడ్డు. తెలుగులో ఊరి పేరు, కింద దూరం. బండి ముందు చక్రం పక్కన ఆ రాయి ఉంటే ఫొటో కింద వేరే రాత అక్కర్లేదు. నేను ప్రతి ప్రయాణంలో ఒకటైనా తీస్తాను. వరుసగా పెట్టి చూస్తే అదే నా దినచర్య పుస్తకం.

చోటు ఎవరిదో ఒకరిది అయి ఉంటుంది, అది మరవకూడదు. ఫిబ్రవరి దాటాక గుంటూరు వైపు వెళ్తే కల్లాల్లో మిరపకాయలు ఎర్రటి దుప్పటి పరిచినట్టు ఆరబోసి ఉంటాయి. ఒకసారి ఆ ఎరుపు పక్కన బండి పెట్టబోతే అక్కడున్న పెద్దాయన చెయ్యెత్తి, “బాబూ, ఆ పక్కన వద్దు, కాయల మీద దుమ్ము పడుద్ది. ఇటు గట్టు మీద పెట్టుకో” అన్నాడు. ఆయన చూపిన గట్టు మీద నుంచి చూస్తే కల్లం మొత్తం బండి వెనక వచ్చింది. నేను ఎంచుకున్న చోటు కంటే అదే మేలు. అడిగితే ఇలాంటివి దొరుకుతాయి. అరకులో వలిసె చేలల్లో దిగడానికి రైతులు కొంత డబ్బు అడిగితే ఇవ్వండి. తొక్కిన ప్రతి మొక్కా వాళ్ల పంటే. నౌకాదళ స్థావరాల దగ్గరా, ఆనకట్టల దగ్గరా ఫొటోలు నిషేధమని బోర్డులుంటే ఫోను జేబులోనే ఉంచండి.

కదిలే బండి

బండి నడుపుతూ ఫొటో తీయకండి. ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో ఫోను పట్టిన క్షణంలో మీ కళ్లు రోడ్డు మీద లేవు. నడుపుతూ చేతిలో ఫోను వాడటాన్ని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రమాదకరమైన డ్రైవింగుగా లెక్కిస్తుంది. జైలు శిక్షకూ, ఐదు వేల రూపాయల దాకా జరిమానాకూ అవకాశం ఉంది. ఫోనును హ్యాండిలుకు బిగించి వీడియో తీసేవాళ్లకు ఇంకో సంగతి. పెద్ద ఇంజన్ల అదురు ఎక్కువకాలం తగిలితే ఐఫోను కెమెరాలోని స్థిరీకరణ వ్యవస్థ దెబ్బతినొచ్చని ఆపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది. ఫోను తగిలించక తప్పకపోతే అదురు పీల్చుకునే హోల్డరు వాడండి.

కదలిక కావాలంటే మీరు రోడ్డు పక్కన నిలబడండి, మిత్రుడు నడుపుతాడు. ఇక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు షట్టరు వేగం మరీ ఎక్కువ పెట్టడం. సెకనులో వెయ్యో వంతు షట్టరుతో తీస్తే చక్రం ఊచలు కూడా గడ్డకట్టి బండి ఆగి ఉన్నట్టే కనిపిస్తుంది. ఫోనులో ప్రో మోడ్ తెరిచి షట్టరు అరవయ్యో వంతుకు తగ్గించండి. మిత్రుణ్ని నలభై వేగంతో మీ ముందు నుంచి అడ్డంగా పొమ్మనండి. కాళ్లు కదలకుండా నడుము తిప్పుతూ, బండిని ఫ్రేములో ఒకేచోట నిలిపి, అది మీ ఎదుటికి వచ్చే ముందు నుంచి దాటాక కూడా వరుసగా తీస్తూ పోండి. బండి స్పష్టంగా, వెనక చెట్లు గీతలు గీతలుగా వస్తాయి. మొదటి ఇరవై పోతాయి, ఫర్వాలేదు.

ఇది మిట్టమధ్యాహ్నం ఫోనుతో చేస్తే ఫొటో తెల్లగా కాలిపోతుంది. ఎక్కువ ఫోన్లలో లెన్సు రంధ్రం చిన్నది చేయడం కుదరదు, షట్టరు నిదానమైతే వెలుగు ఎక్కువ పడుతుంది. కాబట్టి పొద్దు వాలాకో, చెట్ల నీడ ఉన్న రోడ్డు మీదో చేయండి. వాహనాలు పెద్దగా తిరగని తిన్నటి రోడ్డు ఎంచుకోండి. మిత్రుడికి హెల్మెటు ఉండాలి, ఆయన చూపు రోడ్డు మీదే ఉండాలి. కెమెరా వైపు చూసి నవ్వమని అడగొద్దు.

వాన గురించి రెండు మాటలు. వాన వెలిశాక పావుగంట చాలా విలువైనది. తడి తారు ఆకాశాన్ని పట్టుకుంటుంది, దుమ్ము కొట్టుకుపోయి రంగులు చిక్కబడతాయి. రోడ్డు పక్క నీటి గుంట కనబడితే ఫోనును తలకిందులు చేసి లెన్సును నీటి అంచుకు తీసుకెళ్లండి. అరచేతంత నీళ్లలో బండి మొత్తం కనబడుతుంది.

వారం రోజులు, ఒకే గట్టు

ఇదంతా దూర ప్రయాణంలో నేర్చుకుందామంటే కుదరదు. అక్కడ టైముండదు. ఇంటికి నాలుగైదు కిలోమీటర్లలో ఒక చోటు ఎంచుకోండి. చెరువు గట్టో, పాత గుడి గోడో, రైలు గేటు దగ్గరి చింతచెట్టో. వారం రోజులు వేర్వేరు వేళల్లో అక్కడికే వెళ్లండి. రోజుకు పది ఫొటోలకు మించొద్దు. ఇంటికొచ్చి ఒక్కటే ఉంచి మిగతావి తీసేయండి. ఆ ఒక్కటి ఎందుకు ఉంచారో ఒక వాక్యం రాసుకోండి.

నేను అనకాపల్లి దారిలో ఒక చెరువు గట్టు మీద ఇలా వారం చేశాను. మొదటి రోజు మధ్యాహ్నం వెళ్లాను, అంతా పాలిపోయింది. రెండో రోజు పొద్దున్న వెలుగు బాగుంది కానీ బండి వెనక కరెంటు తీగలు. మూడో రోజు గట్టు దిగి మోకాళ్ల మీద కూర్చున్నాను, తీగలు పైకి పోయాయి. నాలుగో రోజు మబ్బు. ఐదో రోజు సాయంత్రం తీసేవన్నీ తీసేసి ఫోను జేబులో పెట్టుకుంటుంటే గేదెల్ని తోలుకొస్తున్న ముసలాయన ఆగాడు.

“ఏటి బాబూ, రోజూ వస్తన్నావు, బండి అమ్మకానికెట్టినావేటి?”

“లేదు తాతా, ఫొటో నేర్చుకుంటున్నాను.”

ఆయన చెరువు అవతలి గట్టు వైపు చూశాడు. “అయితే కాసేపుండు. పొద్దు ఆ తాళ్ల ఎనక్కెళ్తే నీళ్లు ఎర్రబడతాయి. అప్పుడు తియ్యి.”

హెల్మెటు తీసి మళ్లీ అద్దానికి తగిలించబోయి, ఫ్రేములోకి వస్తుందని నేల మీద పెట్టాను. గేదెలు నీళ్లలోకి దిగాయి. పన్నెండు నిమిషాలు గడిచాయి. పొద్దు తాటిచెట్ల వెనక్కి జారగానే చెరువంతా ఒక్కసారి కుంకుమ కలిపినట్టయింది. తెర మీద ఆకాశం ఉన్నచోట వేలు పెట్టి పట్టుకుని, వెలుతురు గీతను కొంచెం కిందికి లాగాను. బండి నల్లబడి, దాని చుట్టూ ఎర్రటి అంచు మిగిలింది. వెనక రెండు గేదెల తలలు. నాలుగు ఫొటోలు తీసేసరికి నీళ్లు బూడిద రంగుకు తిరిగాయి. ఆ నాలుగింటిలో మూడోది ఇప్పుడు మా ఇంటి ముందుగది గోడ మీద ఉంది.